ముడి కింది కొమ్మ

ధరూర్ మండలం,
15 జూన్ 2025

శ్రీశైలానికి,

నీకు జాబు రాయనని ఒట్టు పెట్టుకున్న మనిషిని. ఇప్పుడు రాస్తున్నానంటే కోపం పోయిందనుకోకు. జైలు నుంచి నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను ఎత్తకపోవడానికి కారణం ఒక్కటే. నీ గొంతు వింటే నా నోరు నా అదుపులో ఉండదు. కాగితమైతే ఆలోచించి రాయొచ్చు, నచ్చకపోతే చింపేయొచ్చు. ఇది మూడో కాగితం.

సంగతి మీ బావ గురించి. నువ్వు అమ్మిన పత్తి విత్తనం వేసి మూడేళ్లయింది. చెట్లు ఛాతీ ఎత్తు పెరిగి, పచ్చగా నిగనిగలాడి, కాయ పట్టకుండా నిలబడిపోయిన ఆ చేను ఇంకా ఆయన కళ్ల ముందు నుంచి పోలేదు. ఆ డిసెంబరులో ఆయన పురుగుల మందు తాగడం, గద్వాల దవాఖానలో పదకొండు రోజులుండి బతికి రావడం నీకు తెలుసు. తరువాతి సంగతి తెలియదు. రెండేళ్లు కిందామీదా పడి సాగు చేశాడు. ఈ ఏడు విత్తనం ముట్టుకోనన్నాడు. చేను కౌలుకిచ్చాం. ఊరంతా విత్తనాలు పెట్టే రోజుల్లో ఆయన వాకిట్లో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంటున్నాడు. పిలిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు. "ఏదన్న చిన్న పని చేతికియ్యమ్మా, పత్తి మాత్రం వద్దు" అంది డాక్టరమ్మ.

మొన్న ఆయనే నోరు విప్పాడు. "మన శ్రీశైలం జైలు తోటల గులాబీలు పెంచుతుండంట గదా. మనం గూడ వాకిట్ల ఒకటి పెడ్తమా? ఎసొంటిది పెట్టాలెనో జర అడుగు" అన్నాడు. 'పెడదాం' అన్న మాట ఆయన నోట విని నాకు ఎన్నాళ్లయిందో. అందుకే ఈ కాగితం.

ఆయన నిన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. నేను తిడుతుంటే అడ్డం వస్తాడు. "వాడు తెల్సి ఇయ్యలే పావనీ. వాన్ని గూడ మోసం చేసిండ్రు" అంటాడు. నువ్వు కోర్టులో చెప్పింది ఆయన నమ్మాడు. నేను నమ్మలేదు. జడ్జిగారూ నమ్మలేదు.

మా వాకిలిది ఎర్ర నేల. తూర్పు ఎండ మధ్యాహ్నం దాకా ఉంటుంది. పడమర బండల గోడ. బోరు నీళ్లు కొంచెం ఉప్పన. దీనికి ఏ గులాబీ సరిపోతుందో రాయి. వేరే కబుర్లు అక్కర్లేదు.

పావని


జిల్లా జైలు,
26 జూన్ 2025

అక్కా,

నీ చేతిరాత చూసి కవరు చాలాసేపు విప్పలేదు. నాతో పనిచేసే ప్రభుదాసు, "జాబు గదన్నా, పాము గాదు, విప్పు" అని నవ్వాడు. వేరే కబుర్లు వద్దన్నావు కాబట్టి గులాబీల గురించే రాస్తాను.

నర్సరీకి వెళ్లినవాళ్లు విరగబూసిన మొక్క చూసి కొంటారు. అది తప్పు. ఇంటికి తెచ్చాక ఆ పూలు రాలిపోతే మిగిలేది కొమ్మ, వేరు. అందుకే కొమ్మ చూడాలి. పెన్సిలంత లావుండాలి, ఆకు మీద నల్లమచ్చ ఉండకూడదు, అంటు కట్టిన చోట ముడి గట్టిగా ఉండాలి. నాటు గులాబీ వాసన బాగుంటుంది, కొమ్మ గుచ్చితే చాలు బతుకుతుంది. కానీ ఏడాదిలో కొన్నాళ్లే పూస్తుంది. బావకు త్వరగా పూసేది, ఏడాదంతా పూసేది కావాలి. అందుకని ఎర్ర అంటు మొక్క ఒకటి ఎంచాను. దానికి కన్ను కట్టింది, అంటే ఎర్ర గులాబీ చిగురు కన్ను కోసి తెచ్చి అంటించి పట్టీ చుట్టింది నేనే, మార్చి నెలలో. కన్ను పగిలి జానెడు కొమ్మ వచ్చింది.

మాతో తోటలో పనిచేసే నాగర్‌కర్నూల్ సాంసన్ వచ్చే శనివారం విడుదలవుతున్నాడు. అయిజలో వాళ్ల అక్క ఇంటికి పోతూ మీకు ఇచ్చి పోతాడు. గోడకు దూరంగా పెట్టించు, ఆ బండలు మే నెలలో మొక్కను ఉడికిస్తాయి. మూరెడు గుంత తీసి, మాగిన పేడ ఎరువు, కొంచెం ఇసుక, పిడికెడు వేపపిండి కలపండి. ముడి మట్టిలోకి పోకూడదు, రెండు వేళ్లు పైనే ఉండాలి. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోయాలి. వానకాలం వాన నీళ్లు పట్టి పోయండి, ఉప్పు నీళ్ల కంటే మేలు. యూరియా వద్దు. పత్తికి కొట్టే మందులు అసలే వద్దు.

ఒక్క వేరే కబురు రాస్తాను, కోప్పడకు. పదిహేను రోజుల పెరోల్‌కు అర్జీ పెట్టుకున్నాను. మీ ఠాణా నుంచి మనిషి వచ్చి, నన్ను ఇంట్లో ఉంచుకోవడానికి మీకు ఇష్టమేనా అని అడుగుతాడు. నాకు ఇంకెవరూ లేరు. నువ్వు సంతకం పెట్టకపోతే అర్జీ అక్కడే ఆగిపోతుంది. బావను ఒకసారి కళ్లారా చూడాలని ఉంది.

నీ తమ్ముడు,
శ్రీశైలం


ధరూర్ మండలం,
22 జూలై 2025

శ్రీశైలానికి,

మొక్క చేరింది. సాంసన్ బండి మీద మొక్కను తన కడుపుకు కట్టుకుని వచ్చాడు, చంటిబిడ్డను తెచ్చినట్టు. చాయ తాగి, మీ బావకు నాటే పద్ధతి చూపించి పోయాడు. మంచివాడిలాగే ఉన్నాడు. నువ్వు కూడా చూడడానికి మంచివాడివే అనుకో.

మీ బావ గుంత తీశాడు. నేను పార తీసుకుంటానంటే ఇవ్వలేదు. వేపపిండి కోసం గద్వాల దాకా పోయి వచ్చాడు, ఎవరితోనూ చెప్పకుండా. గంట గడిచే సరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఊరంతా వెతికించాను. సాయంత్రం బస్సు దిగి చేతిలో సంచీతో వస్తే, తిట్టాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు పొద్దున్నే లేవగానే మొక్క దగ్గరికి పోతాడు. ఆకులు లెక్కపెడతాడు. "దసరకు పూస్తదా?" అని నన్నడుగుతాడు, నేనేదో పూల పండితురాలినైనట్టు.

అంతా బాగుంది. అందుకే నాకు అనుమానం. మొక్క గురించి ఒక పేజీ రాసి, చివర పెరోల్ సంగతి తెచ్చావు. పూల మొక్క పంపి సంతకం పెట్టించుకుందామనా? విత్తనం తెచ్చినప్పుడు కూడా ఇలాగే మీ బావకు కొత్త తువ్వాల తెచ్చావు. నేను సంతకం పెట్టను. ఠాణా నుంచి ఎవరు వచ్చినా ఇదే చెబుతాను.

పావని


జిల్లా జైలు,
3 ఆగస్టు 2025

అక్కా,

మొక్క వేరు, సంతకం వేరు. నువ్వు సంతకం పెట్టకపోయినా మొక్క పంపేవాణ్ణే. ఇది నువ్వు నమ్మవని తెలుసు. నమ్మించడానికి నా దగ్గర ఏమీ లేదు.

బావ గద్వాలకు ఒక్కడే పోయాడన్న ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. దసరాకు తప్పకుండా పూస్తుందని చెప్పు. ఆకు అడుగున పురుగు కనిపిస్తే వేపనూనె, సబ్బునీళ్లు కలిపి చల్లమను. మొక్క బలంగా లేచిందా, ఎలా ఉందో ఒక్క ముక్క రాయి.

శ్రీశైలం


ధరూర్ మండలం,
6 అక్టోబరు 2025

శ్రీశైలానికి,

నువ్వు అడిగిన ఒక్క ముక్క ఇదిగో. మొక్క బలంగానే లేచింది. మీ బావను దాటి పెరిగింది. పచ్చగా నిగనిగలాడుతోంది. మొగ్గ లేదు. దసరా పోయింది, ఒక్క మొగ్గ లేదు.

అర్థమైందా? సరిగ్గా ఆ చేను లాగే ఉంది. ఏపుగా పెరిగి, కాయ లేకుండా నిలబడ్డ ఆ పత్తి చేను ఎలా ఉందో, నా వాకిట్లో ఇది అలాగే ఉంది. పండుగ నాడు జమ్మి ఆకు ఇవ్వడానికి వచ్చిన పక్కింటి ఈదమ్మత్త చూసి, "ఇది గులాబి గాదు బిడ్డా, అడివి ముండ్ల చెట్టు. ఎవడో మిమ్ముల ముంచిండు" అని పోయింది. మీ బావ అక్కడే ఉన్నాడు. అన్నం దగ్గర కూర్చుని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మరునాడు అడిగితే, "మొక్క మంచిదే. నా చెయ్యే మంచిది గాదు పావనీ. నేను ముట్టుకుంటే ఏది గూడ కాయది, పూయది" అన్నాడు.

ఆ ఏడు మందు తాగే ముందు కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు.

నాకు భయంగా ఉంది. మా ఇంట్లో పురుగుల మందు డబ్బా లేదు, నేను ఉంచను. కానీ చుట్టూ ఏ ఇంటి అరుగు మీద చూసినా అవే. ఆయన ఎటు పోతే అటు నేను పోతున్నాను. ఆయనకు అది తెలిసిపోయింది, చిన్నబోయాడు. కూలికి పోవడం మానేశాను.

నిన్ను ఒక్క మొక్క అడిగాను. అది కూడా నకిలీది పంపావు.

పావని


జిల్లా జైలు,
14 అక్టోబరు 2025

అక్కా,

జాబు అందగానే రెండుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. బావను ఒంటరిగా వదలకు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపో, రేపు మాపు అనకు.

అమ్మ మీద ఒట్టు, నేను పంపింది మంచి మొక్క. నేను కట్టిన కన్ను, నేను చూసిన చిగురు. అది అడివి చెట్టు అయ్యే దారి లేదు. దారిలో సాంసనే మార్చి ఉంటాడు. ఇక్కడి ఎర్ర గులాబీలకు బయట గిరాకీ ఉంది. మంచిది ఎవరికో ఇచ్చి, ఏదో అంటగట్టి ఉంటాడు. వాడి అడ్రసు నా దగ్గర ఉంది, జాబు రాసి నిలదీస్తాను.

అయినా ఒకసారి చూసి రాయి. మొక్క మొదట్లో ముడి ఉందా? పెరిగిన కొమ్మ ముడి పైనుంచి వచ్చిందా, కింది నుంచి వచ్చిందా? ఒక్కో రెమ్మకు ఆకులు ఐదా, ఏడా? వెంటనే రాయి అక్కా.

శ్రీశైలం


ధరూర్ మండలం,
21 అక్టోబరు 2025

శ్రీశైలానికి,

నిన్న దీపావళి. మేం ఒక్క దీపం పెట్టి ఊరుకున్నాం.

సాంసన్ మార్చాడా! అప్పుడు కూడా వనపర్తిలో నీకు సరుకిచ్చినవాడు మార్చాడన్నావు. కోర్టులో అదే పాట, జైలుకు పోయేటప్పుడు అదే పాట. నీ చేతి నుంచి వచ్చింది ఏదీ నీది కాదు, ఎప్పుడూ ఎవడో మారుస్తాడు. ఆ పిల్లగాడు బండి మీద ఎండలో మొక్కను కడుపుకు కట్టుకుని తెచ్చాడురా. వాడికి జాబు రాసి నిలదీసే ముఖం నీకెక్కడిది?

మీ బావను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. గోలీలు మార్చింది. పది రోజులకోసారి రమ్మంది. తింటున్నాడు, కొంచెం. మాట మాత్రం లేదు.

నువ్వడిగినవి చూశాను. ఆకులు ఏడు. ముడి ఉంది, దాని చుట్టూ నువ్వు కట్టిన పట్టీ ముక్క ఇంకా ఉంది. కొమ్మ దాని కింది నుంచే వచ్చింది. ముడి పైన ఉన్నది ఎండిన మోడు. అది నేను కోసిందే. ఆగస్టులో మీ బావ గద్వాల దవాఖానకు పోయిన రోజు కలుపు తీస్తూ చూశాను. ఒకే కుదురులో రెండు లేచి ఉన్నాయి. పైది బక్కగా, ఎర్రగా, ఒక పక్కకు వంగి ఉంది. కిందిది బలంగా ఉంది. బక్కది తీసేసి బలమైనది ఉంచాను. పత్తిలో చేసే పనే కదా, కుదురుకు ఒకటే ఉండాలి. ఇప్పుడు ఇవన్నీ ఎందుకు అడుగుతున్నావో నాకు తెలియదు.

ఠాణా నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. నాకు ఇష్టం లేదన్నాను. "తొందర పడకమ్మా, పదో తారీకు మల్ల వస్త. అప్పుడు ఏదో ఒకటి రాసియ్యి" అని పోయాడు. నా మాట మారదు.

పావని


జిల్లా జైలు,
30 అక్టోబరు 2025

అక్కా,

కూర్చుని చదువు. బావ పక్కన లేనప్పుడు చదువు.

మొక్క నకిలీది కాదు. సాంసన్ మార్చలేదు. బావ చేతిలో ఏ దోషమూ లేదు. గులాబీ అంటులో కింద ఉండేది అడివి గులాబీ, వేరు కోసం; ఏడాకులు దానివే. పైన ముడి దగ్గర నేను కట్టిన కన్ను నుంచి వచ్చేదే ఎర్ర గులాబీ. అది మొదట్లో బక్కగానే ఉంటుంది. అడివిది ఎప్పుడూ బలంగా తోసుకొస్తుంది. ముడి కింది నుంచి వచ్చే కొమ్మను ఎప్పటికప్పుడు తీసేయాలి. నువ్వు అడివిది ఉంచి, గులాబీని కోసేశావు.

నీ తప్పు అనను. పత్తి పెట్టిన చెయ్యి ఎవరిదైనా అదే పని చేస్తుంది. ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే కదా అని నేను రాయలేదు. అది నా తప్పు. సాంసన్‌కు జాబు పోస్టు చేశాను కూడా. వాడికి ఇప్పుడు క్షమించమని ఇంకొకటి రాశాను.

మొక్క పోలేదని బావకు చెప్పు. ఆ మొండి చెట్టు మీద మళ్లీ కన్ను కట్టొచ్చు, గద్వాల నర్సరీలో ఎవరిని అడిగినా కడతారు.

ఇక్కడితో ఆపేసి ఉంటే హాయిగా ఉండేది. నీ జాబు మూడు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. ఒక్కసారికి నేను నిర్దోషినని తేలింది, గంతులేయాలి. కానీ వనపర్తి మాట రాశావు చూడు, అది నన్ను వదలడం లేదు.

అక్కా, విత్తనం సంగతి నాకు తెలుసు. ఎవరూ మార్చలేదు. సీడు పరీక్షలో తప్పి పారబోయాల్సిన సరుకు అది. మొలుస్తుంది, పెరుగుతుంది, కాయ పట్టదని నాకు సరుకిచ్చినవాడు ముందే చెప్పాడు. కంపెనీ విత్తనంలా కనిపించాలని దానికి రంగు కలిపింది, సంచుల్లో నింపింది నేనే. వారం దాకా గోళ్లలో రంగు పోలేదు.

బావకు ఎందుకిచ్చానని అడుగుతావు. మీ ఊర్లో మన నాగన్న బావ ఏం పెడితే అందరూ అదే పెడతారు. బావకు ఇవ్వకపోతే ఒక్కడూ కొనడు. "మా బావకే ఇచ్చిన, చూడుండ్రి" అని చెప్పుకోవడానికి ఇచ్చాను. ఆయన సంచి విప్పి, గింజలు అరచేతిలో పోసుకుని, "మంచిగున్నయిరా" అన్నాడు. నేను తల ఊపాను.

ఈ జాబు ఇక్కడివాళ్లు చదివాకే బయటికి పోతుంది. నా అప్పీలు ఇంకా హైకోర్టులో ఉంది. ఇది రాస్తే ఏమవుతుందో తెలిసే రాస్తున్నాను. బావకు చెప్పాలో వద్దో నువ్వే ఆలోచించు, ఆయన తట్టుకుంటాడో లేదో నాకు తెలియదు. సంతకం గురించి ఇక అడగను.

శ్రీశైలం


ధరూర్ మండలం,
9 నవంబరు 2025

శ్రీశైలానికి,

నీ జాబులో మొదటి కాగితం ఆ రోజే మీ బావకు చదివి వినిపించాను. గులాబీని కోసింది నేనేనని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆయన నా మొహం చూశాడు. "నువ్వా? నువ్వు కోసినవా?" అన్నాడు. తరువాత నవ్వాడు. నిజంగా నవ్వాడు, భుజాలు కదిలేలా. "కుదురుకు ఒకటే ఉంచాలెనని నేనే గదనే నీకు నేర్పింది" అన్నాడు. ఆ పూట రెండోసారి అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

రెండో కాగితం బియ్యం డబ్బాలో దాచాను. అది చదివితే మనిషి మిగలడనుకున్నాను. నిన్ను నమ్మడం ఒక్కటే ఆయన దగ్గర మిగిలిందేమో, అదీ తీసేస్తే ఎలా అనుకున్నాను. రెండు రోజులు నీ మీద పళ్లు నూరుకుంటూ తిరిగాను. తప్పు నువ్వు చేసి, దాని బరువు నా నెత్తిన పెట్టావు.

మూడో రోజు ఆయన మొక్క దగ్గర కూర్చుని అన్నాడు. "సూసినవా, శ్రీశైలం మంచి మొక్కనే పంపిండు. విత్తనం గూడ మంచిదే అయ్యుంటది పావనీ. నేనే మందు తక్కువ కొట్టిన. లేకుంటే నీళ్లు ఎక్కువ పెట్టిన. నన్ను సూసి పెట్టినోళ్లందరు మునిగిండ్రు."

అప్పుడు నాకు అర్థమైంది. నువ్వు తెలిసి ఇవ్వలేదని నమ్మిన మనిషికి, తప్పు పెట్టుకోవడానికి తన చేతులు తప్ప ఇంకేం మిగిలాయి? ఈ మూడేళ్లూ ఆయన నిన్ను తిట్టకపోవడం మంచితనం అనుకున్నాను. ఆయన తిట్టుకున్నది తనను. మందు తాగింది కూడా అందుకే. ఇంట్లో పక్కనే ఉండి నాకు తెలియలేదు.

లేచి వెళ్లి బియ్యం డబ్బాలోంచి కాగితం తెచ్చాను. ఆయన పక్కన కూర్చుని చదివాను. ఒక్క అక్షరం వదలలేదు.

"మల్ల సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. "రంగు కలిపింది వాడేనా?" అన్నాడు. అవునన్నాను. "అంటే మందు తక్కువై గాదు" అన్నాడు. కాదన్నాను. "నీళ్లెక్కువై గాదు." కాదన్నాను. చేతులు రెండూ ముందు పెట్టుకుని, తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ తరువాత ఏడ్చాడు. దవాఖానలో కూడా ఏడవని మనిషి, వాకిట్లో అందరూ చూస్తుండగా గుక్కపట్టి ఏడ్చాడు. ఈదమ్మత్త పరుగెత్తుకొచ్చింది. నేను ఆపలేదు.

తరువాత కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం చూసి నాకు భయం పోయింది. నిన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, మీ జైలువాళ్లు చదువుతారు. పొద్దున్నే లేచి చొక్కా వేసుకుని, నీ విత్తనం పెట్టిన ఏడు ఇళ్లకూ పోయి ఈ సంగతి చెప్పాడు. ఒక్కడే పోయాడు, నేను వెంట పోలేదు. తిరిగొచ్చి గడపలో నిలబడి అన్నాడు. "వాన్ని రమ్మను. కాయితం మీద రాసుడు గాదు. నా ముందల కూసోని చెప్పాలె. తర్వాత ఆ ఏడిండ్లకు పోయి చెప్పాలె. నేను తోల్కపోత."

రేపు కానిస్టేబుల్ వస్తాడు. సంతకం పెడతాను. నిన్ను క్షమించి పెడుతున్నానని అనుకోకు. అప్పీలు ఏమైనా కానీ, నువ్వు ఇక్కడికి వచ్చి ఆయన మొహం చూసి ఆ మాట చెప్పి తీరాలి.

మీ బావ నిన్ను కొట్టినా కొట్టొచ్చు. నేను అడ్డం రాను. అన్నం మాత్రం పెడతాను.

పావని